వలస ముఠా బండిని ఆపాలా, వాళ్లతో మాట్లాడాలా? డెలానో, ఇమోకలీ కూలీలు ఎలా గెలిచారంటే

మీ ఊరి సంగతి చదివాక రెండు రోజులు అదే ఆలోచనలో ఉన్నాను. మీరు రాసింది ఇదీ. మీది పల్నాడులో మిర్చి పండే ఊరు. కూలికి వెళ్లే ఆడవాళ్లు ఈ ఏడాది కోత కూలి పెంచమని అడిగారు. రైతులు కుదరదన్నారు. మీ వాళ్లు పని మానేశారు. వారం తిరక్కముందే ఆదోని వైపు నుంచి ఒక మేస్త్రి రెండు బండ్లలో ముఠాను దింపాడు, కోత సాగిపోయింది. వచ్చే ఏడాది ఆ బండ్లను పొలిమేరలోనే ఆపేద్దామని మీ వాళ్లు పట్టుబడుతున్నారు. ఊరు వేరు, కులం వేరు, యాస వేరు అయిన కూలీలు కలిసి గెలిచిన చోటు ఎక్కడైనా ఉందా, ఉంటే ఎలా కలిశారు అని మీ ప్రశ్న.

ఉంది. ఒకటి కాదు, చాలా ఉన్నాయి. వాటిలో నాకు బాగా తెలిసినవి చెప్తాను. కానీ బండి ఆపడం గురించి మాత్రం ముందే చెప్తున్నాను, ఆ పని చేయకండి. ఎంతో పేరున్న సంఘం ఒకటి ఆ పని చేసింది. దానివల్ల ఏం జరిగిందో కింద రాస్తాను.

మాది ఒంగోలు దగ్గర పల్లె. మా అమ్మ పొగాకు గ్రేడింగ్‌కి వెళ్లేది. సాయంత్రం ఇంటికి వచ్చినా ఆమె చీర కొంగు నుంచి ఆ ఘాటు పోయేది కాదు. పెళ్లయ్యాక నేను కాలిఫోర్నియాలోని ఫ్రెస్నోకి వచ్చాను. అక్కడ పొలం కూలీలకు ఉచితంగా న్యాయ సహాయం చేసే ఒక చిన్న సంస్థలో 22 ఏళ్లు పనిచేశాను. కూలి ఎగ్గొట్టిన కాంట్రాక్టర్ల మీద ఫిర్యాదులు రాయడం, ఎండకు పడిపోయినవాళ్ల వాంగ్మూలాలు తీసుకోవడం, రాత్రిళ్లు వాళ్ల క్యాంపుల్లో మీటింగులు పెట్టడం నా పని. ఫ్రెస్నో నుంచి దక్షిణంగా కారులో గంటకు పైగా వెళితే డెలానో వస్తుంది. చుట్టూ కనుచూపు మేర ద్రాక్ష తోటలే. మీకు చెప్పాల్సిన కథ మొదలైంది అక్కడే.

1965లో డెలానో ద్రాక్ష తోటల్లో ముఖ్యంగా రెండు రకాల కూలీలు ఉండేవాళ్లు. మొదటివాళ్లు ఫిలిప్పీన్స్ నుంచి 1920లు, 30లలో కుర్రవాళ్లుగా వచ్చినవాళ్లు. ఆ దేశం నుంచి ఆడవాళ్లు చాలా తక్కువమంది వచ్చారు. తెల్లవాళ్లను పెళ్లి చేసుకోవడానికి కాలిఫోర్నియా చట్టం 1948 దాకా ఒప్పుకోలేదు. అందుకే వాళ్లలో చాలామంది పెళ్లి లేకుండానే, తోటల పక్కన వేసిన షెడ్లలో ముసలివాళ్లయ్యారు. వాళ్లను 'మనోంగ్' అని పిలుస్తారు. వాళ్ల ఇలొకానో భాషలో ఆ మాటకు అన్నయ్య అని అర్థం. రెండోవాళ్లు మెక్సికో మూలాలున్న కుటుంబాలు. పిల్లాపాపలతో టౌనులో ఉండేవాళ్లు. వాళ్ల ముఠాలు వేరు, మేస్త్రులు వేరు, భాష వేరు, తిండి వేరు. ఒకళ్లు సమ్మె చేస్తే తోటల యజమానులు రెండోవాళ్లను పిలిచి పని చేయించుకునేవాళ్లు. ఇది ఎన్నో ఏళ్లుగా నడిచిన పద్ధతి.

ఆ ఏడాది వసంతంలో కోచెల్లా లోయలో ఫిలిపినో కూలీలు సమ్మె చేసి గంటకు 1.40 డాలర్లు సాధించారు. వేసవి చివర పంట డెలానోకి వచ్చేసరికి ఇక్కడి యజమానులు అంత ఇవ్వబోమన్నారు. సెప్టెంబర్ 7 రాత్రి ఫిలిపినో హాల్లో కూలీలు సమ్మెకు ఓటేశారు, 8న పని ఆపేశారు. వాళ్ల నాయకుడు లారీ ఇట్లియాంగ్ పదిహేనేళ్ల వయసులో అమెరికా వచ్చి, పొలాల్లో, చేపల ఫ్యాక్టరీల్లో పనిచేసి, ఒక చేతికి వేళ్లు కూడా పోగొట్టుకున్న మనిషి. యజమానులు క్యాంపులకు కరెంటు, నీళ్లు, గ్యాస్ ఆపేశారు. ముసలివాళ్లను సామానుతో సహా బయటికి పంపేశారు. ఆ తర్వాత అలవాటు ప్రకారం మెక్సికన్ కూలీలను తోటల్లోకి దింపారు.

అంటే డెలానో ఆ రోజున సరిగ్గా మీ ఊరు ఇప్పుడున్న చోటే ఉంది.

ఇట్లియాంగ్ మెక్సికన్ కూలీల బండ్లకు అడ్డుపడలేదు. మెక్సికన్ కూలీల సంఘం నాయకుడి దగ్గరికి వెళ్లాడు. ఆ నాయకుడే సెసర్ చావెజ్. చావెజ్, డొలోరెస్ హుయెర్టా మరికొందరితో కలిసి 1962లో ఆ సంఘం పెట్టారు. అప్పటికి అది ఇంటింటికీ తిరిగి సభ్యులను చేర్చుకుంటున్న చిన్న సంఘం. తాము సమ్మెకు సిద్ధం కావడానికి ఇంకా కొన్నేళ్లు పడుతుందని చావెజ్ అనుకుంటున్నాడు. మీరు రాకపోతే ఇద్దరం ఓడిపోతాం, రేపు మీరు సమ్మె చేసినప్పుడు మా వాళ్లు మీ పనిలోకి రావాల్సి వస్తుంది అని ఇట్లియాంగ్ నిక్కచ్చిగా చెప్పాడని డెలానో పెద్దవాళ్లు చెప్పుకుంటారు. ఆ మాటలో తీయదనమేమీ లేదు. ఉన్న లెక్క ఉన్నట్టు చెప్పాడు, అంతే. సెప్టెంబర్ 16న, మెక్సికో స్వాతంత్ర్య దినం రోజున, డెలానోలోని గ్వాడలూపే మాత చర్చి హాల్లో మెక్సికన్ కూలీలు సమావేశమై సమ్మెలో చేరాలని తీర్మానించారు. చేయి మాత్రం ఎత్తకూడదని అప్పుడే ఒట్టు పెట్టుకున్నారు.

ఆ తర్వాత వాళ్లు కలిసింది వంటగదిలో. సభల్లో కలిసిన దానికన్నా అక్కడ కలిసిందే ఎక్కువ అని నా నమ్మకం. ఫిలిపినో హాలే సమ్మె ఆఫీసు, అదే భోజనశాల కూడా. 90లలో నేను వెళ్లినప్పుడు ఆనాటి ఒక పెద్దాయన ఇంకా ఉన్నాడు. మొదట్లో తాము వండిన చేప తలకాయల పులుసు చూసి మెక్సికన్ పిల్లలు ముక్కు మూసుకునేవాళ్లట. రెండో నెలకు వచ్చేసరికి గిన్నె పట్టుకుని ముందు వరసలో నిలబడేవాళ్లట. ఆయన ఈ సంగతి నాకు మూడుసార్లు చెప్పాడు. సమ్మె గురించి అడిగిన ప్రతిసారీ ముందు అదే చెప్పేవాడు.

1966 ఆగస్టులో రెండు సంఘాలూ ఒక్కటయ్యాయి. చావెజ్ నాయకుడు, ఇట్లియాంగ్ ఆయన తర్వాతి స్థానంలో. అంతకు ముందే, మార్చి 17న డెలానోలో బయలుదేరి దాదాపు మూడు వందల మైళ్లు నడిచి ఏప్రిల్ 10న, ఈస్టర్ రోజున, రాజధాని శాక్రమెంటో చేరారు. ఆ నడక సాగుతుండగానే షెన్లీ అనే పెద్ద మద్యం కంపెనీ, తన తోటల కూలీలకు ఒప్పందం రాసిస్తానని దిగివచ్చింది. మిగతా తోటలు దిగిరావడానికి ఇంకో నాలుగేళ్లు పట్టింది. ఆ నాలుగేళ్లూ వాళ్లు నిలబడింది బయటివాళ్ల అండతోనే.

ఆ బయటివాళ్లు ఎవరో చెప్తాను, మీకు ఇది పనికొస్తుంది. శాన్‌ఫ్రాన్సిస్కో రేవులో సరుకు ఎక్కించే కార్మికులు సమ్మె తోటల ద్రాక్షను ఓడలోకి ఎక్కించబోమన్నారు. కార్ల ఫ్యాక్టరీ కార్మికుల సంఘం అధ్యక్షుడు వాల్టర్ రాయ్‌థర్ డెలానో వచ్చి నెలనెలా డబ్బు పంపుతామని మాటిచ్చాడు. ప్రొటెస్టెంట్ పాస్టర్లు జీతం తీసుకుంటూనే సంఘం పని చేశారు. దక్షిణాది నల్లజాతి హక్కుల ఉద్యమంలో పనిచేసి వచ్చిన విద్యార్థులు పికెటింగ్ ఎలా చేయాలో, అరెస్టయితే ఎలా నడుచుకోవాలో నేర్పారు. ఓక్లాండ్‌లో బ్లాక్ పాంథర్లు అనే నల్లజాతి తీవ్రవాద పార్టీవాళ్లు ద్రాక్ష అమ్మే సూపర్‌మార్కెట్ల ముందు నిలబడ్డారు. ఊళ్లలోని గృహిణులు ద్రాక్ష కొనడం మానేశారు. వీళ్లందరికీ ఒకరితో ఒకరికి అన్ని విషయాల్లో పడదు. చర్చి పాస్టర్‌కీ బ్లాక్ పాంథర్‌కీ ఏం పడుతుంది? కానీ సంఘం వాళ్లను అన్నిటిలో కలవమని అడగలేదు. రేవు కార్మికుణ్ణి పెట్టె ఎత్తొద్దంది, గృహిణిని ద్రాక్ష కొనొద్దంది, పాస్టర్‌ను ఆదివారం పది నిమిషాలు ఒక కూలీకి మాట్లాడే అవకాశం ఇమ్మంది. ఎవరు చేయగలిగింది వాళ్లను అడిగారు, అంతకు మించి అడగలేదు.

ఇందులో చట్టం సంగతి కూడా ఒకటుంది. 1935లో అమెరికాలో కార్మికులకు సంఘం పెట్టుకునే హక్కు ఇచ్చిన చట్టం పొలం కూలీలను వదిలేసింది. వాళ్ల సంఘాన్ని యజమాని గుర్తించి తీరాలని చెప్పే చట్టం అప్పట్లో ఏదీ లేదు. అయితే సమ్మెతో సంబంధం లేని దుకాణాల మీద బహిష్కరణ నడపకూడదని 1947లో అదే చట్టానికి చేర్చిన నిషేధం కూడా వాళ్లకు వర్తించలేదు. అందుకే ద్రాక్ష అమ్మే ప్రతి షాపు ముందూ నిలబడి, ఇక్కడ కొనకండి అని చెప్పగలిగారు. ఎప్పుడూ తమ ప్రాంతం దాటి ఎరగని కూలీలు న్యూయార్క్, షికాగో, బోస్టన్ వెళ్లి, గడ్డకట్టే చలిలో షాపుల ముందు నిలబడ్డారు. ఆ పండు కోసిన మనిషే ఎదురుగా నిలబడి అడుగుతుంటే కొనేవాళ్లకు చేయి రాలేదు.

1970 జులై 29న డెలానోలో ద్రాక్ష యజమానులు సంతకాలు చేశారు. గంటకు 1.80 డాలర్లు, పెట్టెకు 20 సెంట్లు అదనం, వైద్య సహాయ నిధి, పొలాల్లో డీడీటీ చల్లడం మీద నిషేధం. ఐదేళ్ల సమ్మె అది.

డెలానో కంటే ముందుది ఒకటి క్లుప్తంగా చెప్తాను, ఎందుకంటే అది నాకు చాలా ఇష్టం. 1903లో కాలిఫోర్నియాలోనే ఆక్స్‌నార్డ్ దగ్గర చక్కెర బీట్ పొలాల్లో జపాన్ కూలీలు, మెక్సికన్ కూలీలు కలిసి ఒక సంఘం పెట్టారు. మీటింగులో మాట్లాడేది జపనీస్‌లో, స్పానిష్‌లో, మధ్యలో ఇంగ్లిష్‌లో. సమ్మెలో ఒక మెక్సికన్ కూలీ కాల్పుల్లో చనిపోయాడు. అయినా గెలిచారు. ఆ తర్వాత దేశంలోని పెద్ద కార్మిక సమాఖ్యలో చేర్చుకోమని అడిగితే, చేర్చుకుంటాం గానీ చైనా, జపాన్ వాళ్లను తీసేయండి అని జవాబొచ్చింది. సంఘం కార్యదర్శి మెక్సికన్. ఆయన పేరు లిజార్రాస్. తమవాళ్లను వదిలి తమకు ఏ గుర్తింపూ అక్కర్లేదని తిరిగి రాశాడు. దానివల్ల ఆ సంఘం పెద్ద అండ పోగొట్టుకుంది, ఎక్కువ కాలం నిలవలేదు కూడా. ఆయన చేసింది తప్పని మాత్రం నేను ఎప్పటికీ అనను.

ఇప్పుడు చెడిపోయిన సంగతులు చెప్తాను. డెలానో కథను గెలుపు దగ్గర ఆపి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. మీకు అలా చెప్తే మోసం చేసినట్టే.

ఒప్పందాలు కుదిరాక పనికి మనుషులను పంపే బాధ్యత సంఘం తీసుకుంది. సంఘంలో ఎవరు ముందు చేరారో చూసి ఆ వరసలో పని ఇచ్చారు. పైకి చూస్తే న్యాయంగానే ఉంది. కానీ ఫిలిపినో మనోంగ్‌లు ఏళ్ల తరబడి ఒకే ముఠాగా, ఒక పంట నుంచి ఇంకో పంటకు కలిసి తిరిగినవాళ్లు. కొత్త పద్ధతిలో ఆ ముఠాలు చెల్లాచెదురయ్యాయి. సంఘంలో మెక్సికన్లు ఎక్కువమంది కావడంతో మాటా మంతీ అంతా స్పానిష్‌లోకి మారింది. సమ్మె మొదలుపెట్టిన ఇట్లియాంగే 1971లో సంఘం వదిలేశాడు. 1977లో చావెజ్, ఫిలిప్పీన్స్‌ను సైనిక పాలనలో ఉంచిన నియంత మార్కోస్ ప్రభుత్వం పిలిస్తే అక్కడికి వెళ్లినప్పుడు, ఇంకో పాత నాయకుడు ఫిలిప్ వెరా క్రూజ్ కూడా బయటికి వచ్చేశాడు. మధ్యలో 1974లో మనోంగ్‌ల కోసం అగ్బయాని విలేజ్ అనే వృద్ధుల నివాసం కట్టారు. ఎంతో మంచి పని. కానీ సంఘంలో మాట పోయిన మనిషికి గది ఒక్కటీ ఇస్తే ఆ లోటు తీరదు.

బండి ఆపడం గురించి చెప్తానన్నాను కదా. 1974లో అరిజోనాలోని యూమా దగ్గర నిమ్మ తోటల్లో సమ్మె జరిగింది. సమ్మెను చెడగొట్టడానికి సరిహద్దు దాటి మెక్సికో నుంచి కూలీలు వస్తున్నారని, చావెజ్ సంఘమే సరిహద్దు వెంట డేరాలు వేసి మనుషులను కాపలా పెట్టింది. దాటి వస్తున్నవాళ్లను కొట్టారని ఆరోపణలొచ్చాయి. ఎప్పుడూ చేయి ఎత్తకూడదని ఒట్టు పెట్టుకున్న సంఘం అది. కొట్టించుకున్నవాళ్లు సంఘం సభ్యులకు దూరపు చుట్టాలు, అదే భాషవాళ్లు, అదే ఆకలితో వచ్చినవాళ్లు. తర్వాత ఆ సంఘం దారి మార్చుకుంది, పత్రాలు లేని కూలీలకు హక్కులు కావాలని తనే పోరాడింది. కానీ 90లలో కూడా నేను వెళ్లిన క్యాంపుల్లో సంఘం పేరెత్తితే కొందరు ముసలివాళ్లు మొహం తిప్పుకునేవాళ్లు. ఇరవై ఏళ్లయినా మనసులోంచి పోలేదు.

నా తప్పు కూడా ఒకటి చెప్తాను. ఫ్రెస్నో దగ్గర ఎండుద్రాక్ష కోత ఆగస్టు చివర్లో మొదలవుతుంది. గుత్తులు కోసి కాగితాల మీద ఆరబెడతారు, ఎన్ని కాగితాలు నిండితే అంత కూలి. ఒక కాంట్రాక్టర్ లెక్క తగ్గించి రాస్తున్నాడని రెండు ముఠాలు మా దగ్గరికి వచ్చాయి. ఒకటి పాత స్పానిష్ ముఠా. ఇంకోటి మెక్సికోలోని వహాకా కొండల నుంచి కొత్తగా వచ్చిన మిక్స్‌టెక్ అనే ఆదివాసీల ముఠా, అందులో ఎక్కువమంది ఆడవాళ్లు. వాళ్లకు స్పానిష్ అంతంతమాత్రం. నేను మీటింగ్ స్పానిష్‌లో పెట్టాను. మిక్స్‌టెక్ ఆడవాళ్లు గోడవారగా కూర్చుని తలలూపారు. ఒప్పుకున్నారనే అనుకున్నాను. ఫిర్యాదు మీద సంతకాల రోజున వాళ్లలో ఒక్కరూ రాలేదు. తర్వాత వాళ్ల భాష తెలిసిన ఒక అమ్మాయిని తీసుకుని వెళ్లి అడిగితే, "మీరు ఆ ముఠావాళ్ల మనిషి అనుకున్నాం" అన్నారు. లెక్క తగ్గించడం కంటే వాళ్లకు పెద్ద బాధ ఇంకోటి ఉంది. పాత ముఠావాళ్లు నీడున్న వరసలన్నీ ముందే పట్టుకుని, ఎండ వరసలు వీళ్లకు వదిలేస్తున్నారు. అది మేము అడగనే లేదు. ఆ కేసు పోయింది. ఆ ఏడాది కూలి కూడా పోయింది. అప్పటి నుంచి ఏ మీటింగైనా, తక్కువమంది మాట్లాడే భాషలో మొదలుపెట్టి ఎక్కువమంది భాషలోకి తర్జుమా చేయించేదాన్ని.

ఇక ఫ్లోరిడాలో ఇమోకలీ. మీకు డెలానో కంటే ఇదే ఎక్కువ దగ్గరనిపిస్తుంది. శీతాకాలంలో అమెరికాలో పండే టమాటాలో చాలా భాగం ఆ చుట్టుపక్కల పొలాల్లోదే. తెల్లవారుజామున నాలుగైదు గంటలకే కూలీలు ఒక పెద్ద పార్కింగ్ స్థలంలో నిలబడతారు. మేస్త్రులు పాత స్కూల్ బస్సులు తెచ్చి ఎక్కించుకుంటారు. మెక్సికో, గ్వాటెమాలా, హైతీ వాళ్లు. స్పానిష్, హైతీ క్రియోల్, అనేక మాయన్ భాషలు. 1993లో ఒక చర్చి గదిలో కొద్దిమంది కలవడం మొదలుపెట్టారు. చదువు రానివాళ్లు ఎక్కువ కాబట్టి బొమ్మలు గీసి, చిన్న నాటకాలు వేసి చర్చ పెట్టేవాళ్లు. తర్వాత సొంత రేడియో పెట్టుకున్నారు. చౌకగా సరుకులు అమ్మే సహకార దుకాణం పెట్టుకున్నారు.

1996లో గ్వాటెమాలా నుంచి వచ్చిన ఒక కుర్రాడు పనిలో నీళ్లు తాగడానికి ఆగాడని మేస్త్రి కొట్టాడు. ఆ పిల్లవాడు రక్తం అంటిన చొక్కాతో సంఘం గదికి వచ్చాడు. ఆ రాత్రి వందల మంది ఆ చొక్కాను పట్టుకుని మేస్త్రి ఇంటికి నడిచారు. మెక్సికన్, హైతీవాడు, గ్వాటెమాలావాడు అన్న తేడా లేదు. మర్నాడు ఆ మేస్త్రి బస్సు ఎవరూ ఎక్కలేదు. ఆ చొక్కాను సంఘం ఇప్పటికీ జాగ్రత్త చేసి ఉంచింది.

సమ్మెలు చేశారు, 30 రోజులు నిరాహార దీక్ష చేశారు, 230 మైళ్లు నడిచారు. కూలి కొంచెం పెరిగింది. అప్పుడు వాళ్లు ఒక ప్రశ్న వేసుకున్నారు. రైతు ఎందుకు ఇవ్వలేకపోతున్నాడు? జవాబు వెతికితే, రైతు దగ్గర టన్నులకు టన్నులు కొనే హోటల్ కంపెనీలు, సూపర్‌మార్కెట్లు ధర అడుగంటా తొక్కేస్తున్నాయి. రైతు ఆ బరువును కూలీ మీదకు దింపుతున్నాడు. అందుకని వాళ్లు రైతును వదిలి పైకి చూశారు. 2001లో టాకో బెల్ అనే హోటళ్ల గొలుసు మీద బహిష్కరణ మొదలుపెట్టారు. అడిగింది పౌండు టమాటాకు ఒక్క సెంటు అదనం. ఆ సెంటు కూలీకి చేరాలి. ఒక బకెట్ 32 పౌండ్లు పడుతుంది, బకెట్‌కు కూలి 50 సెంట్ల లోపే ఉండేది. ఒక్క సెంటు అంటే ఎంత పెద్ద పెరుగుదలో మీరే లెక్క వేసుకోండి.

ఇక్కడ విద్యార్థులు వచ్చారు. తమ కాలేజీల్లో టాకో బెల్ దుకాణాలను ఒక్కొక్కటిగా తీసేయించారు. ప్రెస్బిటేరియన్ చర్చి బహిష్కరణకు మద్దతిచ్చింది. టాకో బెల్ యజమాన్య కంపెనీ ప్రధాన కార్యాలయం అప్పట్లో లూయీవిల్‌లో ఉండేది, ఆ చర్చి ప్రధాన కార్యాలయం కూడా ఆ ఊళ్లోనే ఉండేది. కంపెనీ తప్పించుకోవడానికి దూరం కూడా లేకపోయింది. నాలుగేళ్లకు, 2005 మార్చిలో, కంపెనీ ఒప్పుకుంది. తర్వాత 2007లో మెక్‌డొనాల్డ్స్, 2008లో బర్గర్ కింగ్, 2014లో వాల్‌మార్ట్. 2010లో ఫ్లోరిడా టమాటా రైతుల సంఘమే వచ్చి చేతులు కలిపింది. అందరూ రాలేదు. వెండీస్ మీద 2016లో పిలుపిచ్చిన బహిష్కరణ ఏళ్ల తరబడి సాగింది.

ఒప్పందంలో డబ్బు కన్నా నాకు ముఖ్యమనిపించేవి వేరే ఉన్నాయి. బకెట్ అంచు దాకా నిండితే చాలు. అంతకు ముందు గోపురంలా పోస్తేనే ఒక బకెట్ లెక్క కట్టేవాళ్లు, పైన పోసినదంతా ఉచితం. పొలంలో నీడ, తాగే నీళ్లు ఉండాలి. బస్సు దిగిన క్షణం నుంచి టైము లెక్క వేయాలి. ఆడవాళ్ల మీద చేయి వేసిన మేస్త్రికి ఇక ఆ పొలాల్లో పని ఉండదు. ఏ గంటలోనైనా ఫోన్ చేసి ఫిర్యాదు చేయవచ్చు, తనిఖీ చేసే స్వతంత్ర సంస్థ ఉంది. తప్పు సరిదిద్దని రైతు దగ్గర ఆ కంపెనీలు టమాటా కొనవు. ఇవన్నీ ఎక్కడి నుంచి వచ్చాయి? కూలీలు మీటింగుల్లో చెప్పుకున్న రోజువారీ బాధల్లోంచే.

మీ ఊరికి వస్తాను. డెలానో యజమానులు పెద్ద కంపెనీలు. మీ ఊళ్లో మిర్చి వేసిన వాళ్లలో చాలామంది కౌలు రైతులై ఉంటారు. విత్తనానికీ మందులకూ కౌలుకూ అప్పు చేసి, యార్డులో ధర పడితే ఉరి తాడు దాకా వెళ్లే మనుషులు. అందుకే ఇమోకలీ వాళ్లలాగా, డబ్బు ఎక్కడ ఆగుతోందో చూడండి. మిర్చి కొనే మసాలా కంపెనీ మీద బహిష్కరణ ఒక ఊరి వల్ల అయ్యే పని కాదు, ఆ మాట దాచను. కానీ చిన్న రైతునీ, యాభై ఎకరాలు వేసి కోల్డ్ స్టోరేజీలో సరుకు దాచుకోగల ఆసామినీ ఒకే గాటన కట్టకండి. చిన్న రైతులతో కోత మొదలయ్యాక కాదు, నాట్లు పడిన వెంటనే మాట్లాడండి. పంట చెట్టు మీద పండిపోతుంటే ఏ రైతూ ప్రశాంతంగా వినలేడు, ఆ టెన్షన్‌లో అతనికి మీరు శత్రువులాగే కనిపిస్తారు.

అన్నిటికంటే ముందు ఆదోని ముఠా దగ్గరికి వెళ్లండి. మగవాళ్లు గుంపుగా వెళ్లొద్దు. కోతకు వెళ్లే మీ ఆడవాళ్లే నలుగురైదుగురు, రాత్రి వంట వేళ, వాళ్లు పట్టాలు కప్పుకుని పడుకునే చోటికి, కూర గిన్నె పట్టుకుని వెళ్లాలి. రేటు మాట మొదటి రోజు ఎత్తొద్దు. చేతుల మంట గురించి అడగండి. మిర్చి కోసిన చేతుల మంట ఏ ఊరి మనిషికైనా ఒకటే కదా. మజ్జిగ రాసుకుంటారా, నూనె రాసుకుంటారా, రాత్రి పిల్లలను ఎలా ఎత్తుకుంటారు అని అడగండి. మాట అక్కడి నుంచి మేస్త్రి ఇచ్చిన అడ్వాన్సు దాకా వస్తుంది. వాళ్లు తక్కువ రేటుకు ఇష్టపడి వచ్చారని మీ వాళ్లు అనుకుంటున్నారు. రైతు ఇచ్చే రేటులో మేస్త్రి కోత ఎంత, వాళ్ల చేతికి వచ్చేదెంత అనేది తెలిశాక ఆ కోపం ఎటు తిరగాలో మీకే అర్థమవుతుంది.

ఇద్దరికీ ఒకే బాధ ఉన్నవాటితో మొదలుపెట్టండి. కాటా సరిగ్గా ఉండాలి, అందరి ముందూ తూచాలి. పొలంలో నీళ్లు, ఒక పట్టా నీడ. మనుషులను కుక్కి తెచ్చే ఆటో కాదు, సరైన బండి. ఇవి అడిగితే చిన్న రైతుకు కూడా పెద్ద ఖర్చు లేదు. ఇవి సాధించాక రెండు ముఠాలకూ ఒకే రేటు అడగండి. మీ రేటు వాళ్ల కంటే ఎక్కువ ఉండాలని మాత్రం ఎప్పుడూ అడగొద్దు, అడిగారంటే అక్కడితో అంతా పోయినట్టే. కమిటీ వేస్తే వాళ్ల మనుషులకూ అందులో సమాన చోటు ఉండాలి. వాళ్ల యాసలో వాళ్లే మాట్లాడాలి, మీలో ఎవరూ నవ్వకూడదు.

ఊళ్లో మిగతావాళ్లను పిలవండి, కానీ ఒక్కొక్కరికి ఒక్క పని. ఆ ముఠాతో వచ్చిన పిల్లలు నెలల తరబడి బడికి దూరమవుతారు. మీ బడి టీచర్‌కి అది పట్టింపు ఉంటుంది, ఆ పిల్లలను కూర్చోబెట్టుకోమనండి. ఆశా కార్యకర్తను మంట తగ్గే మందు పట్టుకుని పొలానికి రమ్మనండి. చర్చి వాళ్లను గానీ గుడి కమిటీని గానీ వాళ్లు స్నానం చేయడానికి ఒక చాటు చోటు అడగండి. డిగ్రీ చదివే మీ ఊరి పిల్లలను లేబర్ ఆఫీసుకు పంపి, వ్యవసాయ కూలికి ప్రభుత్వం ఎంత కనీస వేతనం ప్రకటించిందో ఆ కాగితం తెప్పించండి. వీళ్లను జెండా పట్టుకోమని అడిగితే సగం మంది రారు. ఈ పనులకైతే వస్తారు.

ఈ సీజను కోతలు ఇంకా అయిపోలేదని రాశారు కాబట్టి ఆ ముఠా మీ ఊళ్లోనే ఉండి ఉంటుంది. ఈ వారంలోనే వెళ్లండి. వాళ్ల ఊరి పేరు, ఎన్ని ఇళ్ల నుంచి వచ్చారు, మేస్త్రి అడ్వాన్సు ఏ నెలలో ఇస్తాడు, ఈ మూడూ కనుక్కుని నాకు రాయండి. వచ్చే ఏడాది ఆ అడ్వాన్సు చేతులు మారకముందే మీ ఆడవాళ్లు ఇద్దరు వాళ్ల ఊరికి వెళ్లాలి. బస్సు ఖర్చు నేను పెట్టుకుంటాను.